మిర్రీఖ్ నక్షాలు

మా దఫ్తరులో ఉర్దూ చదివి, తెలుగులో చెప్పి, ఇంగ్లీషులో రాసిపెట్టగలిగిన వాళ్లం ఆ రోజుల్లో ముగ్గురమే మిగిలాం. ముగ్గురిలో చిన్నవాణ్ణి నేను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. మా బాపు పురానాపూల్ దగ్గర ఒక చిన్న గుడిలో అర్చకుడు. నన్ను మాత్రం గుడికి కాకుండా బడికి పంపారు. ఆ కాలపు బడి ఉర్దూలో ఉండేది కాబట్టి లెక్కలూ సైన్సూ చరిత్రా అన్నీ ఉర్దూలోనే చదువుకున్నాను. ఆ చదువుతో ఒక మనిషికి నేను చేసిన అన్యాయం గురించి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటూ వాయిదా వేశాను. ఇప్పుడు చూపు మసకబారుతోంది. ఇంకా ఆగితే ఇక రాయను.

నగరంలో మురుగు నాలీలు, తూములు, కల్వర్టులు ఎక్కడ ఎలా కట్టాలో నక్షాలు గీసే సర్కారీ దఫ్తరు మాది. పెద్దవాళ్లు కాగితం మీద పెన్సిలుతో గీసిచ్చిన దాని మీద పల్చటి గంజిగుడ్డ పరిచి, కింద కనిపించే ప్రతి గీతనూ నల్ల సిరాతో దిద్దడం నా పని. దాన్ని ట్రేసింగ్ అంటారు, నన్ను ట్రేసర్ అనేవారు. మా అందరికీ పెద్ద, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్, రోజూ దబీర్‌పురా నుంచి సైకిల్ మీద వచ్చేవారు. నలభై అయిదేళ్ల మనిషి. సన్నగా, కాస్త వంగి ఉండేవారు. చొక్కా జేబు మీద సిరా మరక లేని రోజు ఉండేది కాదు. దఫ్తరంతా ఆయన్ని సాబ్ అనేది. నేను ఉస్తాద్ అనేవాణ్ణి, ఎందుకంటే సిరా పెన్ను వణక్కుండా పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే.

యాభై ఆరులో, వానాకాలం చివర, అంగారకుడు భూమికి బాగా దగ్గరగా వచ్చాడు. పొద్దు గూకగానే తూర్పున ఎర్రగా, చుట్టుపక్కల చుక్కలన్నిటికంటే పెద్దగా కనిపించేవాడు. పేపర్లలో రాశారు. ఆ నెలలోనే ఉస్తాద్‌కు పాత పుస్తకాలమ్మే చోట ఒక విదేశీ పత్రిక దొరికింది. అందులో మనుషులు అంగారకుడి మీదికి ఎలా వెళ్లవచ్చో, ఏ వాహనాల్లో వెళ్లవచ్చో రంగు బొమ్మలతో వేశారు. మధ్యాహ్నం చాయ్ వేళ ఆయన ఆ పత్రికను నా బల్ల మీద పరిచారు. పెద్ద పెద్ద రెక్కలున్న వాహనం ఒకటి ఎర్రటి ఆకాశంలోంచి మంచు మీదికి జారుతోంది. చక్రాలకు బదులు కింద పొడవాటి పట్టాలు.

"చూడు మియా, జహాజ్‌కు రెక్కలు పెట్టిండ్రు" అన్నారు.

"మంచిగనే ఉంది గద ఉస్తాద్?"

"బొమ్మ మంచిగనే ఉంటది. గాలి ఉంటెనే గద రెక్కలకు పని? ఆడ గాలి ఎంతుందో ఎవడు కొల్చిండు? దూర్బీన్‌ల చూసి అందాజా కట్టిండ్రు. అందాజా మీద మనం ఒక గజం నాలీ గూడ తవ్వం."

ఆయన వేలు కింది బొమ్మ మీదికి జరిపారు. "ఇగ ఇది చూడు. ముందు ఒక్క జహాజ్ మంచు మీద దిగుతది. అది మల్ల లేవది. అండ్ల దిగినోళ్లు బండ్లేసుకొని ఎంతో దూరం పోయి, ఎనకొచ్చే రెండు జహాజ్‌లు దిగనీకె మైదానం సాఫ్ జెయ్యాలె. ఆ రెండు మంచిగ దిగితెనే వీళ్లకు బతుకు. ముందు దిగినోళ్లకు సొంతంగ వాపస్ వచ్చే జహాజ్ లేదు."

ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొంతులో కోపం ఉంది. కాగితం మీద బొమ్మలో ఉన్న మనుషుల కోసం ఒక పెద్దమనిషి కోపం తెచ్చుకోవడం నాకు కొంచెం నవ్వు తెప్పించింది. తర్వాత ఎప్పుడో తెలిసింది, నలభై ఎనిమిదిలో పోలీసు చర్య గడబిడ తర్వాత ఆయన తమ్ముడు కరాచీ వెళ్లాడని. నాలుగు నెలల్లో వస్తానని చెప్పి వెళ్లిన మనిషికి తిరిగి రావడానికి పర్మిట్ దొరకలేదు. తల్లి పోయినప్పుడు కూడా రాలేకపోయాడు. ఉత్తరాలు మాత్రం వచ్చేవి.

ఆ వారమే ఆయన సొంత నక్షా మొదలుపెట్టారు. దఫ్తరు పని అయ్యాక గంటసేపు ఇద్దరం కూర్చునేవాళ్లం. ఆయన జహాజ్‌కు రెక్కల్లేవు. గుండ్రటి పొట్ట, దాని కింద నాలుగు వెడల్పైన కాళ్లు. పాదాలు పళ్లేల్లాగా ఉండేవి, ఇసుకలో దిగబడకుండా. గాలిని నమ్ముకోకుండా కింది నుంచి మంటను చిమ్ముకుంటూ, ఆ మంట తోపుడుతో వేగం తగ్గించుకుంటూ, నిలువుగా దిగాలి. తిరిగి వచ్చేటప్పుడు కాళ్లను అక్కడే వదిలేసి పై సగం ఒక్కటే లేవాలి. ఎవరు దిగినా వాపసు వచ్చే దారి వాళ్ల వెంటే ఉండాలి, అదీ ఆయన పట్టు.

సుమారు పదేళ్ల తర్వాత ఒక యంత్రం అంగారకుడి పక్క నుంచి పోతూ కొలిచిందనీ, అక్కడి గాలి అందరూ అనుకున్నదానికంటే ఎంతో పల్చనిదనీ పేపర్లో చదివాను. ఆ పత్రికలోని రెక్కల జహాజ్‌లు అక్కడ నిలబడేవి కావు. అది చదివి నేను సంతోషించలేదు. చెప్పడానికి ఆయన లేరు.

దిగే సంగతి కంటే ఆయనకు ఎక్కువ రోజులు పట్టింది లోపలి గదికి. పోయి, అక్కడ ఉండి, రావడానికి రెండున్నరేళ్లు దాటుతుంది. ఏడుగురు మనుషులు. నాలీలు గీసిన మనిషి కదా, ముందు నీళ్ల సంగతే తేల్చారు. తాగే నీళ్లెన్ని, వాడిన నీళ్లెటు పోవాలి, వాటినే మళ్లీ వడకట్టి ఎలా తాగాలి. వంట ఎక్కడ, పడక ఎక్కడ. చివరికి ఒక మూల చిన్న చదరం గీసి, దానికి తెర ఉన్నట్టు గుర్తు పెట్టి, ఉర్దూలో 'ఖల్వత్' అని రాశారు.

"ఇదెందుకు ఉస్తాద్? జాగ తక్కువ పడుతుంది గద?"

"ఏడుగురు రెండేండ్లు ఒక్క డబ్బల. ఒక్కొక్కనికి ఒక్కొక్క దినం ఏడుపొస్తది. ఏడ్వనీకె జాగ లేకుంటె కొట్టుకుంటరు. ఎవరూ చూడని జాగ ఒకటి ఉండాలె."

మొత్తం పదకొండు కాగితాలు. ప్రతిదాని నెత్తిన పెద్ద అక్షరాలతో 'మిర్రీఖ్' అని ఉండేది. ఉర్దూలో అంగారకుడి పేరు అది. వాటిలో నాలుగింటిని నేను గుడ్డ మీద సిరాతో దిద్దాను. నా జీవితంలో అంత శ్రద్ధగా గీసిన గీతలు ఇంకెప్పుడూ లేవు.

ఈలోపు నవంబరు వచ్చింది, కొత్త రాష్ట్రం వచ్చింది. దఫ్తరుకు కోస్తా నుంచి కొత్త అధికారి వచ్చారు. కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మారాయి. నాలాంటి టెంపరరీ వాళ్లలో ఎవరిని ఉంచాలో, ఎవరిని ఇంటికి పంపాలో ఒక జాబితా తయారవుతోందన్నారు. ఉర్దూ తప్ప రాని పాత గుమాస్తాలు పొద్దున వచ్చి సాయంత్రం దాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఉస్తాద్‌కు ఇంగ్లీషు వచ్చు. అయినా జహాజ్ నక్షాల మీద ఉర్దూలోనే రాసేవారు. అది ఆయన సొంత పని, దఫ్తరు పని కాదు.

కాళ్లు ఎంత వెడల్పుగా ఉండాలో కాగితం మీద తేలలేదు. వాలు నేల మీద దిగితే పక్కకు పడిపోతుందా, నిలుస్తుందా? చేసి చూడాలన్నారు. ధూల్‌పేట్‌లో వినాయకుడి విగ్రహాలు చేసే ఒకతను మా బాపుకు బాగా తెలుసు, గుడికి ఏటా విగ్రహం అతనే ఇచ్చేవాడు. నేను ఉస్తాద్‌ను అతని దగ్గరికి తీసుకెళ్లాను. పండగ వెళ్లిపోయి పని లేని రోజులు. అతను నక్షాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏ దేవుడు సాబ్ ఇది? కడుపు గణపతిదే గాని తొండం లేదు" అన్నాడు.

ఉస్తాద్ నవ్వారు. అంత బాగా నవ్వడం నేను చూసింది అదొక్కసారే. జహాజ్ సంగతి, అంగారకుడి సంగతి అంతా చెప్పారు. అతను చాలాసేపు విన్నాడు. "మనుషులు ఉంటరా అండ్ల?" అని అడిగాడు. ఉంటారంటే, "అయితె గట్టిగ జేస్త" అన్నాడు. మట్టిలో పీచు కలిపి, లోపల గడ్డి కట్టి, మోకాలెత్తు గోళం చేశాడు. వెదురు కాళ్లు పెట్టి, బరువు కోసం పొట్ట లోపల ఇనుప ముక్కలు వేశాడు. ఆరాక నల్లరంగు కూడా పూశాడు. అడక్కుండానే పూశాడు.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున ముగ్గురం పురానాపూల్ కింద మూసీ ఇసుకలోకి దిగాం. నీళ్లు ఒక పాయగా పారుతున్నాయి. చాకళ్లు బట్టలు ఉతుకుతున్నారు. ఒడ్డున ఉన్న రాతి మెట్టు ఎక్కి విగ్రహాలతను గోళాన్ని వదిలేవాడు. నేను కింద వాలు కొలిచేవాణ్ణి, ఉస్తాద్ రాసుకునేవారు. ఒకసారి నిలబడింది. ఒకసారి ఒరిగింది. మూడోసారి ధబ్బున పడి ఒక కాలు విరిగి, లోపలి ఇనుప ముక్కలు గలగలమన్నాయి. వంతెన మీద జనం ఆగి చూశారు. ఎవరో పైనుంచి కేకేశారు, ఏం విసురుతున్నారని. "ఏం లేదు భాయ్, తజుర్బా" అని ఉస్తాద్ చెయ్యి ఊపారు. ప్రయోగం చేస్తున్నాం అని చెప్పడం ఆయన ఉద్దేశం.

ఆ మాట ఎవరు ఎక్కడికి చేర్చారో నాకు ఈ రోజుకీ తెలియదు. నాలుగో రోజు ఉస్తాద్ దఫ్తరుకు రాలేదు. పదకొండు గంటలకు నన్ను అధికారి గదిలోకి పిలిచారు. లోపల ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, కొత్తగా కోస్తా నుంచి వచ్చినవాడు. బల్ల మీద పదకొండు నక్షాలూ పరిచి ఉన్నాయి. పక్కన కరాచీ ముద్రలున్న ఉత్తరాల కట్ట. తెల్లవారగానే దబీర్‌పురా ఇల్లు సోదా చేసి ఇవన్నీ పట్టుకొచ్చారనీ, ఉస్తాద్‌ను ఠాణాలో ఉంచారనీ అధికారి చెప్పారు. ఆ ఇంట్లో ఉన్న మట్టి గోళాన్ని లోపల ఏముందో చూడటానికి అక్కడే పగలగొట్టారట.

"కూర్చోండి, కంగారు పడకండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్. మర్యాదగానే మాట్లాడాడు. అది చెప్పాలి. నన్ను ఎవరూ బెదిరించలేదు. "మీకు ఉర్దూ వచ్చటగా. ఇవి ఎవరు గీశారు?"

"హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు సార్."

"ఈ సిరా గీతలు?"

"నేనే సార్. ఇచ్చిన కాగితం దిద్దడం నా పని."

"ఇది ఏమిటో మీకు తెలుసా?"

ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణంలో నాకు జాబితా గుర్తొచ్చింది, మా బాపు గుర్తొచ్చారు. "తెల్వది సార్" అన్నాను.

ఆయన వేలు ఒక్కో మాట మీద పెట్టి అడుగుతూ పోయాడు. నేను చదివి అర్థం చెబుతూ పోయాను. ఉతార్ అంటే దిగడం. ఆగ్ అంటే నిప్పు. బోఝ్ అంటే బరువు. పక్కనున్న పోలీసు రైటరు అన్నీ రాసుకుంటున్నాడు. విడివిడిగా చెబుతుంటే ఆ మాటలు నాకే భయంకరంగా వినిపించాయి.

"పైన అన్నిట్లోనూ ఒకే మాట ఉంది. ఏమిటది?"

"మిర్రీఖ్."

"అంటే? ఊరా?"

నా నోట్లో జవాబు ఉంది. ఆకాశంలో ఉండే అంగారకుడు సార్ అంటే సరిపోయేది. ఆ తర్వాత ప్రశ్న నాకు తెలుసు: అయితే ఇదేమిటో తెలియదన్నారేం? "ఏదో పేరు సార్" అన్నాను.

"ఎవరి పేరు?"

"తెల్వది సార్."

ఆయన ఉత్తరాల కట్ట వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆ మూల చదరం మీద వేలు పెట్టాడు. "ఇక్కడ?"

"ఖల్వత్ సార్. రహస్యంగా ఉండే గది."

ఏకాంతం అనాల్సిన చోట రహస్యం అన్నాను. మాట తప్పిపోయిందని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. తప్పిపోలేదు. ఏకాంతం అన్న మాటకు వివరం చెప్పాల్సి వస్తుంది, రహస్యం అన్న మాటకు అక్కర్లేదు. ఆయనకు కావలసిన మాట ఏదో నాకు ఆయన ముఖంలో కనిపించింది, అదే ఇచ్చాను. రైటరు రాసిన కాగితం నాకు చదివి వినిపించారు. సంతకం పెట్టాను. బయటికి వచ్చి నా బల్ల దగ్గర కూర్చుని, సగంలో వదిలిన కల్వర్టు నక్షా దిద్దాను. ఆ రోజు నా చెయ్యి వణకలేదు కూడా.

ఉస్తాద్‌ను పట్టుకెళ్లిన ఆరో రోజు మధ్యాహ్నం విగ్రహాలతను దఫ్తరు గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిపించాడు. పెదవి పక్కన వాపు ఉంది.

"పంతులూ, నేను ఠాణాకు పోయిన" అన్నాడు. "ఆ గోళం నేను జేసిన, అండ్ల బాంబు ఉంటె నన్ను గూడ పట్టుండ్రి అన్న. అది చుక్క మీదికి పోయే జహాజ్ అని చెప్పిన. నవ్విండ్రు. మల్ల చెప్పిన. ఒక్కటి పీకి ఎల్లగొట్టిండ్రు. నువ్వు సదువుకున్నోనివి, నీ మాట ఇంటరు. నువ్వు పోయినవా?"

"నన్ను ఈడికే వచ్చి అడిగిండ్రు."

"ఏం జెప్పినవ్?"

"అడిగింది చెప్పిన."

"జహాజ్ అని చెప్పినవా?"

నేను గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. అతను కాసేపు చూశాడు. తిట్టలేదు. "సరే, లోపటికి పో. నీకు టైమ్ అయితుంది" అని వెళ్లిపోయాడు. అప్పుడైనా నేను ఠాణాకు వెళ్లవచ్చు. దారి తెలుసు, సైకిల్ ఉంది. వెళ్లలేదు.

తొమ్మిదో రోజు పోలీసులు ఎవరో సైన్సు లెక్చరర్‌కు ఆ నక్షాలు చూపించారట. ఆయన మొదటి కాగితం చూడగానే నవ్వి, ఇది అంగారక గ్రహం మీదికి పోయే వాహనమని చెప్పాడట. ఠాణా అంతా నవ్వుకుంది. ఉస్తాద్‌ను మతి చలించిన మనిషి అనుకుని వదిలేశారు. నక్షాలు తిరిగి ఇవ్వలేదు. తర్వాత ఎవరో అడిగితే చెత్తతో పాటు పోయాయన్నారు. ఆయన ఎడమ చెవి వినిపించడం మానేసింది. అది ఎలా పోయిందో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ అడగాల్సిన అవసరం కలగలేదు. దఫ్తరు ఆయన్ని ఆరోగ్యం బాగాలేదన్న కారణంతో ముందుగానే రిటైర్ చేసింది. మార్చిలో జాబితా వచ్చింది. నా పేరు ఉంచేవాళ్లలో ఉంది. మా బాపు గుడిలో అభిషేకం చేయించారు.

నేను దబీర్‌పురా వెళ్లింది ఏప్రిల్‌లో, రంజాన్ నెలలో, మధ్యాహ్నం పూట. ఆ వేళ ఉపవాసం కాబట్టి చాయ్ ఇవ్వరు, ఎక్కువసేపు కూర్చోబెట్టరు. అందుకే ఆ వేళ ఎంచుకున్నానని ఇప్పుడు ఒప్పుకోగలను. ఆయన పదేళ్ల కూతురు తలుపు తీసి లోపలికి వెళ్లిపోయింది. ఉస్తాద్ ముందు గదిలో చాప మీద కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నేను ఎడమ పక్కన కూర్చోబోతే చేత్తో కుడివైపు చూపించారు.

మాట ఆయనే మొదలుపెట్టారు.

"నీ బయాన్ నాకు సద్వి ఇనిపించిండ్రు. దస్తఖత్ గూడ చూసిన."

ఆయన కుడి చెవి నా వైపు తిప్పారు.

"ఖల్వత్ అంటే ఏంది మియా?"

"ఏకాంతం, ఉస్తాద్."

"మిర్రీఖ్?"

"అంగారకుడు."

"తెలుసు గద నీకు."

"తెలుసు. భయపడ్డ ఉస్తాద్."

ఆయన తల ఊపారు. కోపం లేదు, జాలి కూడా లేదు. "భయం నాకు గూడ ఉండె" అన్నారు. "తొమ్మిది దినాలు ఒకటే అడిగిండ్రు. ఈ సిరా గీతలు ఎవరియి, ఆ పోరడికి ఎంత తెలుసు, ఆడు గూడ ఉన్నడా అని. ఏం తెల్వది, గీయమంటె గీసిండు అని చెప్పిన. దినాం అదే చెప్పిన. నువ్వు చెప్పింది గూడ అదే అని ఆ కాగితం ఇన్నంక తెలిసింది. ఇద్దరిది ఒకటే మాట అయింది. గందుకె నువ్వు బయట ఉన్నవ్."

ఆయన ఆ మాట నా కోసం దెబ్బలకు ఓర్చి చెప్పారు. నేను అదే మాట కుర్చీలో కూర్చుని, నా కోసమే చెప్పుకున్నాను.

"మాఫ్ చెయ్యుండ్రి ఉస్తాద్."

"మాఫీ సంగతి నాకు తెల్వది" అన్నారు. "దిల్‌ల ఉంటె ఉంటది, లేకుంటె లేదు. ఇంకా చూసుకోలె. ఒక్కటి చెప్త ఇను. ఇగ రాకు. నిన్ను చూస్తె నాకు గీతలు యాదికొస్తయ్."

లేచి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు. ఆయన మాటను గౌరవించానని చెప్పుకోవచ్చు. నిజానికి నాకు అది తేలికైంది.

అక్టోబరులో రష్యా వాళ్లు ఆకాశంలోకి ఒక గోళాన్ని పంపారు. అది భూమి చుట్టూ తిరుగుతోందని రేడియోలో చెప్పారు. దఫ్తరులో వారం రోజులు ఇంకో మాట లేదు. మా అధికారి చాయ్ తాగుతూ, "మన దగ్గర కూడా ఒకాయన ఇలాంటివి గీసేవాడటగా" అని నవ్వారు. నలుగురూ నవ్వారు. అప్పుడు నేను నోరు విప్పాను. అవి ఆటబొమ్మలు కావనీ, మనుషులు అంగారకుడి మీద దిగి తిరిగి రావడానికి గీసినవనీ, కాళ్లు ఎందుకలా పెట్టారో, మంటతో ఎందుకు దిగాలో, ఆ మూల గది ఎందుకో అంతా చెప్పాను. అరగంట చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. అధికారి "అరె, మీకు ఇంత తెలుసా?" అని మెచ్చుకున్నారు. నా బల్ల దగ్గరికి వచ్చి మళ్లీ కల్వర్టు నక్షా దిద్దాను.

ఉస్తాద్ ఆ చలికాలమే పోయారు. నిమోనియా అన్నారు. కబురు తెచ్చింది విగ్రహాలతనే. మేమిద్దరం జనాజా వెనక నడిచాం. ఒక మలుపు దగ్గర భుజం ఇచ్చే వంతు మాకూ వచ్చింది. అతను ముందు పట్టాడు, నేను వెనక పట్టాను. దారి పొడవునా అతను నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత నెలల్లో నేను ఇంట్లో కూర్చుని ఆ నక్షాలను మళ్లీ గీయడం మొదలుపెట్టాను. చూసి గీయడానికి ఏమీ లేదు, జ్ఞాపకమే. సిరాతో దిద్దిన నాలుగు బాగానే వచ్చాయి, చెయ్యి వాటిని మరిచిపోలేదు. ఇంకో మూడు కష్టపడి తెచ్చాను. మిగతా నాలుగు రాలేదు. ఇంధనం లెక్కలు వాటిలో ఉండేవి. ఆ లెక్కలు లేకపోతే అది ఎగరదు, ఎగిరినా తిరిగి రాదు. అయినా వచ్చినంత వరకు పూర్తి చేసి, ఆయన రాసినట్టే ఉర్దూలో మాటలు రాసి, చుట్టి దబీర్‌పురా తీసుకెళ్లాను.

ఆయన భార్య తలుపు తెర వెనక నిలబడి మాట్లాడింది. నేనెవరో చెప్పాను. ఆమెకు ముందే తెలుసు.

"ఏం తెచ్చినవు బేటా?"

"ఉస్తాద్ నక్షాలమ్మా. యాద్ చేసి మల్ల గీసిన. మీ దగ్గర ఉండాలని."

"ఉర్దూల రాసినవా?" అని అడిగింది.

"అవునమ్మా."

"లేకె జావ్ బేటా. తీస్కపో. ఆడపిల్ల ఉన్నది ఇంట్ల. మల్ల వస్తరు."

"ఇప్పుడెవరు రారమ్మా. అప్పుడంటె తెల్వక..."

"నీకు ఎట్ల తెలుసు రారని?" అంది. గొంతు పెంచలేదు. "ఆయన గూడ గట్లనే అన్నడు. మూసీల ఇసుక మీద ఆడుకుంటె ఎవరేమంటరు అన్నడు. తీస్కపో. నీ పేరు చెప్పుకొని నీ ఇంట్లనే ఉంచుకో."

నేను తీసుకొచ్చేశాను. నా పేరు చెప్పి ఉంచుకునే ధైర్యం నాకూ లేదు. బాపు కంట పడకుండా ఇనుప పెట్టె అడుగున పెట్టాను. కొన్నేళ్లకు చూస్తే చెదలు పట్టి ఏడింటిలో రెండే మిగిలాయి.

అదే దఫ్తరులో ముప్పై రెండేళ్లు పనిచేశాను. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. నా కింద పనిచేసిన ట్రేసర్లకు సిరా పెన్ను పట్టుకోవడం నేర్పాను. వాళ్లు నన్ను సార్ అనేవారు. ఉస్తాద్ అనొద్దని చెప్పాను, ఎందుకో ఎవరూ అడగలేదు. ఉస్తాద్ కూతురు చదువుకుని ఒక బడిలో లెక్కల టీచరైందని విన్నాను. ఒక మధ్యాహ్నం బస్సులో నా ముందు సీట్లో కూర్చుంది. పోలిక చూసి గుర్తుపట్టాను. ఒళ్లో దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్ట ఉంది. ఎండ ముఖం మీద పడుతుంటే వెనక్కి తిరిగి, కిటికీ రెక్క దించమని నన్ను అడిగింది. దించాను. "షుక్రియా" అని పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది. నేనెవరో చెప్పలేదు. నా స్టాపుకు ఇంకా రెండు స్టాపులు ఉండగానే దిగిపోయాను.